జీపీఎస్‌ను పాస్‌వర్డ్ అడిగిన బోర్డు

కె.కోటపాడులో మా డాబా పిట్టగోడ మీద అగ్గిపెట్టెంత జీపీఎస్ మాడ్యూల్ పెట్టి, దాని తీగలను నా పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు కలిపాను. టైమెంత, అక్షాంశమెంత, ఎన్ని ఉపగ్రహాలు కనిపిస్తున్నాయి అని సెకనుకోసారి కొన్ని వరుసలు రావాలి. వచ్చాయి, కానీ ఒకదానికి తల లేదు, ఇంకోదానికి తోక లేదు. తీగలు మార్చి చూశాను, మాడ్యూల్‌ను అనుమానించాను. తప్పు రెండింటిదీ కాదు. ఆ సీరియల్ పోర్టు దగ్గర నా ప్రోగ్రాం కంటే ముందే లాగిన్ ప్రోగ్రాం కాపు కాసి ఉంది. జీపీఎస్ పంపే అక్షరాల్లో కొన్ని దాని చేతిలో పడుతున్నాయి. ఎవరో మనిషి టైపు చేస్తున్నాడనుకుని, అది వాటినే యూజర్ పేరుగా తీసుకుని పాస్‌వర్డ్ అడుగుతోంది.

మనిషి అనుకోవడానికి కారణం ఆ పోర్టు వంశంలోనే ఉంది. లినక్స్‌లో ఈ పోర్టు పేరు టీటీవై అని మొదలవుతుంది. అది టెలిటైప్‌కు పొట్టి పేరు. ఒకప్పుడు మన పత్రికాఫీసుల్లో వార్తలు కొట్టిన టెలిప్రింటర్ల జాతే అది. 1963లో వచ్చిన టెలిటైప్ 33 సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. కంప్యూటర్‌తో మాట్లాడటానికి అప్పట్లో చాలామంది దాని ముందే కూర్చునేవారు. వేగాన్ని కొలిచే బాడ్ అన్న మాట ఇంకా పాతది, ఫ్రెంచి టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమీల్ బోదో పేరు మీద వచ్చింది.

ఈ పోర్టు పని తీరు కూడా ఆ కాలానిదే. రెండు వైపులూ గడియారం పంచుకునే తీగ ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు తీగలో వోల్టేజి పైనే ఉంటుంది. అక్షరం బయలుదేరే ముందు ఒక్కసారి కిందికి దిగుతుంది, అదే స్టార్ట్ బిట్. ఆ దిగుడు చూసిన క్షణం నుంచి అవతలి చిప్ సమయం లెక్కపెట్టుకుంటూ, ఒక్కో బిట్‌ను సరిగ్గా దాని నడిమధ్యలో చూస్తుంది. 9600 బాడ్ దగ్గర ఒక బిట్‌కు దక్కేది 104 మైక్రోసెకన్లు. 8 బిట్లు అయ్యాక స్టాప్ బిట్‌తో తీగ మళ్లీ పైకి. ఇంత తక్కువ సరంజామాతో నడిచే ఏర్పాటు నాకు ఇంకోటి కనిపించలేదు.

2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై మీద కూడా దీనికి చోటిచ్చారు. 8వ పిన్ను పంపడానికి, 10వది అందుకోవడానికి. 3.3 వోల్టులే సుమా, 5 వోల్టుల సిగ్నల్ నేరుగా ఇస్తే చిప్ పోవచ్చు. తెర, కీబోర్డు, నెట్‌వర్క్ ఏవీ లేకపోయినా మూడు తీగలతో బోర్డు గుట్టు చూడవచ్చని ఆ పోర్టును కన్సోల్‌కు, అంటే లాగిన్‌కు అప్పగించారు. బూట్ సందేశాలు కూడా అటే వెళ్తాయి. నా మట్టుకు ఆ నిర్ణయం సరైనదే. మెమరీ కార్డు పాడై బోర్డు లేవనప్పుడు దాని విలువ తెలుస్తుంది. కానీ అక్కడ జీపీఎస్ బదులు మోటారు కంట్రోలర్ ఉంటే, ఆ బూట్ సందేశాల్లో ఏదో ముక్కను అది ఆజ్ఞ అనుకోవచ్చు.

పోర్టును లాగిన్ నుంచి విడిపించడం ఇప్పుడు తేలిక. రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాంలో సీరియల్ పోర్ట్ దగ్గర రెండు ప్రశ్నలు వస్తాయి. లాగిన్ కావాలా అంటే వద్దు, హార్డ్‌వేర్ ఉండాలా అంటే ఉండాలి. తొందరలో రెండింటికీ వద్దనేస్తే పోర్టే మాయమవుతుంది. ఒకప్పుడైతే బూట్ ఫైల్లో కన్సోల్ మాట చెరిపి, ఇనిట్‌ట్యాబ్ అనే ఫైల్లో లాగిన్ వరుస ముందు ఒక గుర్తు పెట్టేవాళ్లం. పోర్టు తెరిచే హక్కు కోసం యూజర్ చేరవలసిన గ్రూపు పేరు ఇప్పటికీ డయలౌట్, మోడెంతో ఫోన్ కలిపిన రోజులది.

2016లో వచ్చిన పై 3తో ఇంకో పేచీ మొదలైంది. ఉన్న రెండు సీరియల్ పోర్టుల్లో మంచిదాన్ని బ్లూటూత్ తీసేసుకుంది. పిన్నులకు మిగిలిన మినీ పోర్టు వేగం చిప్ లోపలి గడియారాన్ని బట్టి ఊగుతుంది. బ్లూటూత్ అక్కర్లేని వాళ్లు కాన్ఫిగ్ ఫైల్లో దాన్ని ఆపేసి మంచి పోర్టును పిన్నులకు తెచ్చుకోవచ్చు.

నాది పాత బోర్డు కాబట్టి ఆ బెడద లేదు. లాగిన్‌ను ఆపి, రీబూట్ చేసి, మళ్లీ డాబా ఎక్కాను. కాసేపు వరుసల్లో అంకెల చోట ఖాళీ కామాలే వచ్చాయి. ఉపగ్రహాలు దొరికాక వరుసలు తలా తోకా చెదరకుండా నిండాయి: 17తో మొదలై ఉత్తరం, 083తో మొదలై తూర్పు.