కొన్న భాగాలు, చేసిన భాగాలు

స్కేల్ మోడల్ అంటే అసలు వస్తువును ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన నమూనా. 1:87 స్కేలులో, అసలు రైలులో 87 సెంటీమీటర్లు ఉన్నది నమూనాలో 1 సెంటీమీటరు అవుతుంది. ఇలాంటి పోటీ పెట్టినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది: కొన్న భాగాలు వాడవచ్చా?

మన తల్లిదండ్రులవి బదిలీ ఉద్యోగాలు. పెద్ద నగరం నుంచి వచ్చినవారి దగ్గర ఖరీదైన కిట్లు ఉండవచ్చు. చిన్న ఊరి నుంచి వచ్చినవారికి అట్టపెట్టెలు, అగ్గిపుల్లలే ఆధారం. మధ్యలో చేరినవారి సామాను ఇంకా లారీలోనే ఉండవచ్చు. అందుకే ఈ నియమం మనకు ముఖ్యం.

కొన్నవన్నీ వద్దంటే కుదరదు. జిగురు, రంగు కూడా కొన్నవే కదా! ఏదైనా సరే అంటే డబ్బున్నవారిదే పైచేయి అవుతుంది.

అయితే ఖరీదైనది ఎప్పుడూ సరైనది కాదు. రాయ్‌పూర్ మీదుగా వెళ్ళే బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1,676 మి.మీ. 1:87 స్కేలులో అది సుమారు 19.3 మి.మీ. ఉండాలి. దుకాణంలో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మాత్రమే. అవి విదేశాల్లోని 1,435 మి.మీ. గేజ్‌కు సరిపోయేవి. అంటే స్కేలుతో కొలిచి, పుల్లలు అతికించి చేసిన పట్టాయే మన రైలుకు సరైనది! అదే రాయ్‌పూర్–ధమ్‌తరి మధ్య నడిచిన నారోగేజ్ (762 మి.మీ.) రైలు చేస్తే సుమారు 8.8 మి.మీ. కావాలి. అప్పుడు కొన్న 9 మి.మీ. పట్టా దాదాపు సరిపోతుంది.

ఇతర పోటీల్లో రెండు పద్ధతులు కనిపిస్తాయి. 1953లో అమెరికాలో మొదలైన పైన్‌వుడ్ డెర్బీ అనే చిన్న కార్ల పోటీలో పిల్లలందరికీ ఒకేలాంటి చెక్క ముక్క, నాలుగు చక్రాలు, మేకులు ఇస్తారు. అంతర్జాతీయ స్కేల్ విమానాల పోటీలో ఎఫ్4సి విభాగంవారు తాము చేయని భాగాలను ప్రకటన పత్రంలో రాసివ్వాలి.

మన పోటీకి ఈ రెండూ కలిపితే బాగుంటుంది:

1. నియమాలు పోటీకి ముందే అందరికీ చెప్పాలి.
2. ముఖ్యమైన సామగ్రి బడే అందరికీ సమానంగా ఇవ్వాలి.
3. కొన్నవి, చేసినవి, పెద్దలు సాయం చేసినవి వేరువేరుగా రాయాలి.
4. కొలతల ఖచ్చితత్వానికి, సొంత పనికి ఎక్కువ మార్కులు ఉండాలి.

కొన్న చక్రాన్ని కొన్నదని రాస్తే చాలు. మార్కులు మన చేతిపనికి వస్తాయి. అప్పుడు నిన్న చేరిన విద్యార్థి కూడా ధైర్యంగా పోటీకి పేరు ఇస్తాడు.