చేపిన్ వేసిన ఇంటి లెక్క

1956లో అమెరికాలో డేరిల్ చేపిన్ అనే ఇంజినీరు ఒక లెక్క కట్టాడు. ఒక ఇంటికి కావలసిన కరెంటంతా ఎండ నుంచే తీసుకోవాలంటే ఎంతవుతుంది? అప్పట్లో ఒక్క వాట్ ఇచ్చే సౌర బిళ్ల ఖరీదు 286 డాలర్లు. ఇంటి మొత్తానికి 14 లక్షల 30 వేల డాలర్లు తేలింది. డాబా మీద సోలార్ పెట్టించాలా వద్దా అని ఇవాళ మన ఇళ్లలో నడుస్తున్న చర్చకు అంత వయసుంది. వద్దని తేల్చిన ఆ లెక్క కట్టింది ఎవరో బయటివాడు కాదు, రెండేళ్ల కిందట ఆ బిళ్లను తయారుచేసిన ముగ్గురిలో ఒకడు.

నిజానికి అది ఇంటి కోసం పుట్టిన వస్తువు కాదు. చేపిన్ పనిచేసే టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ వారికి దూరప్రాంతాల టెలిఫోన్ పరికరాలు నడపడానికి బ్యాటరీలు కావాలి. ఉక్కా తేమా ఉన్నచోట అవి ఇట్టే పాడైపోయేవి. వేరే దారి చూడమని చేపిన్‌కు అప్పగించారు. వెలుతురు పడితే కరెంటు పుడుతుందని 1839లోనే పారిస్‌లో పందొమ్మిదేళ్ల ఎడ్మండ్ బెకెరెల్ గమనించాడు. 1883లో న్యూయార్కులో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పల్చటి బంగారు పొర పరిచి పలకలు చేశాడు. పడిన వెలుతురులో నూటికి ఒక వంతు కరెంటు కావడమే గగనం. చేపిన్ కూడా సెలీనియంతోనే మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు.

అదే సంస్థలో కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ వేరే పని మీద సిలికాన్‌తో కుస్తీ పడుతున్నారు. వాళ్లు సిద్ధం చేసిన ముక్క మీద దీపం వెలుగు పడగానే మీటరు ముల్లు గట్టిగా కదిలింది. పియర్సన్ నేరుగా చేపిన్ దగ్గరికి వెళ్లి, సెలీనియం వదిలెయ్యమన్నాడు. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. తన పని కాని పనిలో దొరికిన జవాబును, అది అవసరమైనవాడికి తీసుకెళ్లి ఇచ్చాడు.

స్వచ్ఛమైన సిలికాన్‌లో ఒకవైపు బోరాన్, మరోవైపు ఆర్సెనిక్ లేదా ఫాస్ఫరస్ రవ్వంత కలిపితే రెంటికీ మధ్య ఒక సరిహద్దు ఏర్పడుతుంది. వెలుతురు లోపలి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, ఆ సరిహద్దు వాటిని ఒకే వైపుకు నెడుతుంది. వెనక్కి వెళ్లే దారి లేక అవి తీగ గుండా చుట్టూ తిరిగి వస్తాయి, దారిలో మన ఫ్యాను తిప్పుతాయి. మొదట వాడిన లిథియం గది వేడికే లోపలికి దిగిపోయి సరిహద్దు వెలుతురుకు అందకుండా పోయేది. ఫుల్లర్ బోరాన్‌తో దాన్ని పైపొరకు దగ్గరగా నిలబెట్టాడు. 1954 ఏప్రిల్ 25న విలేకరుల ముందు ఆ బిళ్లలు ఒక బొమ్మ జెయింట్ వీల్‌ను తిప్పి చూపించాయి. సామర్థ్యం 6 శాతం. ఇప్పుడు డాబాల మీదికి వస్తున్నవి 20 శాతం దాటాయి.

చేపిన్ లెక్కలోని ఆ ఖరీదు భరించగలిగింది అంతరిక్షం ఒక్కటే. 1958 మార్చిలో ఎగిరిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో మామూలు బ్యాటరీ కొద్ది వారాలకే చచ్చిపోతే, ఆరు సౌర బిళ్లలు 1964 దాకా సంకేతాలు పంపాయి. 1975లో మన ఆర్యభట్టకూ ఒంటినిండా ఇవే. నేలమీద ధర దిగడానికి దశాబ్దాలు పట్టింది. 1970లలో ఎలియట్ బెర్మన్ చవకరకం సిలికాన్‌తో వాట్‌ను 20 డాలర్లకు దించాడు. తర్వాత జర్మనీ చట్టాలు గిరాకీ పెంచాయి, చైనా కార్ఖానాలు ధరను నేలకు దించాయి. 2017 నాటికి కర్నూలు జిల్లా గని, శకునాల ఊళ్ల పొలాల్లో 1000 మెగావాట్ల పలకలు పరుచుకున్నాయి.

ఇప్పుడు మన డాబాకు వద్దాం. ఒక కిలోవాట్‌కు నీడ పడని వంద చదరపు అడుగుల జాగా కావాలి, సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లయితే నెలకు 350 యూనిట్ల దరిదాపు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద అంతవరకు కేంద్రం రాయితీ 78,000 రూపాయలు. ఏసీలతో ఎండాకాలం పెద్ద శ్లాబులోకి ఎగబాకే ఇల్లయితే నన్నడిగితే పెట్టించమంటాను. నెలకు ఎనభై యూనిట్లు కాల్చే ఇంటికి తొందరేమీ లేదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లే లేని కుటుంబమైతే అప్పు చేసి పెట్టించడం నష్టం.

డబ్బు లెక్క కన్నా ముందు ఆ యంత్రం స్వభావం తెలుసుకోవాలి. దానికి కావలసింది వెలుతురు, వేడి కాదు. రోహిణీ కార్తెలో పలక ఒళ్లు 60 డిగ్రీలు దాటితే రాబడి పదో వంతుకు పైగా తగ్గుతుంది. అందుకే డాబాకు అంటించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి. రెండోది, కరెంటు పోతే చాలామంది ఇళ్లలో ఇదీ ఆగిపోతుంది. బ్యాటరీ లేని ఇన్వర్టరు లైన్ చచ్చిందని గ్రహించగానే తనూ ఆగేలా చేశారు. లేకపోతే మనింటి కరెంటు వెనక్కి పాకి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. పగలు కోత ఉన్న ఊళ్లో ఉండి, ఇది తెలియక పెట్టించుకున్నవాళ్ల నిరాశ నాకు తెలుసు.

మూడోది నీడ. పలకలోని బిళ్లలన్నీ బావి నుంచి ఇంటిదాకా వరుసగా నిలబడి బిందెలు అందించుకునే మనుషుల్లాంటివి. ఒకరు చెయ్యి ఆపితే వరుసంతా ఆగుతుంది. బిళ్లకు అర వోల్టే కాబట్టి వరుసగా కలపక తప్పదు. పక్కదారి చూపే డయోడ్లున్నా, ఒక కొబ్బరిమట్ట నీడకు పలకలో మూడో వంతు పోవచ్చు.

కాబట్టి కొటేషన్లు చదవడం కాస్త ఆపి, ధనుర్మాసంలో ఒకరోజు పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకూ డాబా ఎక్కండి. సూర్యుడు బాగా దక్షిణానికి జరిగి ఉంటాడు, నీడలు ఏడాదిలోకెల్లా పొడవుగా ఉత్తరానికి సాగుతాయి. పిట్టగోడ నీడ, నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటివాళ్లు లేపబోయే రెండో అంతస్తు నీడ ఎక్కడిదాకా వస్తాయో సుద్దముక్కతో గీత గీయండి. గీత అవతల మూడువందల చదరపు అడుగులు మిగిలాయేమో కొలవండి.