నడిచొచ్చినవాడు మళ్లీ డ్యూటీకి

ఫలానా కుర్రాడు బ్యాగు తగిలించుకుని నెల రోజులు కొండల్లో నడవడానికి వెళ్లాడట అని విశాఖ ఆటోనగర్‌లో టీకొట్టు దగ్గర అనండి. మొదటి ప్రశ్న: "ఉద్యోగం పోయిందా?" రెండోది: "ఇంట్లో గొడవా?" ఈ రెండు ప్రశ్నల్లోనే సగం అపోహలున్నాయి.

అపోహ: దూరాలు నడిచేవాడు సంసారం వదిలేసుకున్నవాడు.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనే సామెత మన బుర్రల్లోంచి ఇంకా దిగలేదు. కానీ ఏనుగుల వీరాస్వామయ్యను చూడండి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని, మన ఈ కోస్తా వెంబడే దిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పదిహేను నెలలు తిరిగొచ్చి మళ్లీ కోర్టు పనిలో పడ్డారు. అయితే ఆయన నడిచి వెళ్లారనుకోవడం ఇంకో పొరపాటు. ఎక్కువ దూరం పల్లకీలోనే సాగింది. వంద మంది దాకా ఉన్న ఆ పరివారంలో కాళ్లు అరిగింది పల్లకీ మోసిన బోయీలకు. వాళ్లు ఇంటికెళ్లాక ఏం చేశారో ఎవరూ రాయలేదు.

నిజంగా నడిచినవారు మన ఊళ్లోనే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ ఆచార్యుడిగా పనిచేసిన మాచవరపు ఆదినారాయణ దేశమంతా పాదయాత్రలు చేసి 'భ్రమణ కాంక్ష' రాశారు. అవి ఉద్యోగం మానేసి చేసిన యాత్రలు కావు.

అపోహ: ఖరీదైన సరంజామా, ఉక్కులాంటి ఒళ్లు ఉండాలి.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచేశారు. కాళ్లకు కాన్వాసు బూట్లు, భుజాన ఇంట్లో కుట్టుకున్న సంచీ. రెండేళ్లకు మళ్లీ నడిచారు. అంతదూరం ఎందుకు, ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా నడిచే ముసలమ్మలను చూస్తూనే ఉన్నాం. డబ్బు పెట్టాలంటే రెండింటి మీద పెట్టండి. ఒకటి, వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండే బూట్లు. కొండ దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది ఇరుకు బూట్లతోనే. రెండోది, నడుం పట్టీ ఉన్న బ్యాగు. బరువు భుజాల మీద కాదు, తుంటి మీద కూర్చోవాలి.

అపోహ: నెల నడిచొచ్చినవాడికి ఇంక ఒంట్లో ఏ ఇబ్బందీ ఉండదు.

దూరం ట్రిప్పు కొట్టొచ్చిన లారీని ఆటోనగర్‌లో నేరుగా మళ్లీ లోడుకి పంపరు. షెడ్డులో పెట్టి, కమాన్ కట్టలు చూసి, గ్రీజు కొట్టించి, అరిగిన టైర్లుంటే మార్చాకే కదిలిస్తారు. మనిషికి మాత్రం ఆదివారం రాత్రి రైలు దిగడం, సోమవారం పొద్దున్నే ఎ షిఫ్టు! రోజంతా బరువుతో నడిచినవాడి ఆకలి, నడక ఆగిన రోజునే ఆగదు. అదే రెండు ప్లేట్ల భోజనం కుర్చీలో కూర్చుని తింటే నెలలో ప్యాంటు బిగుస్తుంది. పొద్దున్నే మంచం దిగితే మడమలు సూదులతో పొడిచినట్టుంటాయి. పాదాలు వాచి వెడల్పయి పాత బూట్లు పట్టని వాళ్లూ ఉన్నారు. అందుకని నడక ఒక్కసారిగా మానకూడదు. రోజూ కాసేపు నడుస్తూ, తిండిని మెల్లగా తగ్గించుకోవాలి.

అపోహ: తిరిగొచ్చాక దిగులు పడటం బలహీనత.

దారిలో ఆలోచించాల్సినవి మూడే: నీళ్లెక్కడ, తిండేమిటి, రాత్రికి పడకెక్కడ. ఇంటికి రాగానే ఈఎంఐ, కరెంటు బిల్లు, ఆగకుండా మోగే ఫోను. వ్యాయామం, ఎండ, తోటి నడిచేవాళ్ల కబుర్లు అన్నీ ఒకే రోజున పోతాయి. దిగులు రాకపోతేనే వింత. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేని మీదా మనసు నిలవకపోతే మాత్రం డాక్టరును చూడాలి.

ఈ విషయంలో మన పాతవాళ్లే నయమనిపిస్తుంది. కాశీ నుంచి వస్తే సమారాధన చేసి, ఊరంతటికీ భోజనం పెట్టి, దారి ముచ్చట్లు చెప్పేవారు. ఇప్పుడు ఫొటోలన్నీ ఎప్పటికప్పుడు స్టేటస్‌లో పెట్టేస్తున్నాం, కాబట్టి వచ్చాక అడిగేవాడు లేడు. కొన్ని దాచుకోండి. నలుగురిని భోజనానికి పిలిచి అప్పుడు చూపించండి.

అపోహ: సెలవంతా నడకకే వాడాలి.

ఇరవై రోజుల ఈఎల్ దొరికితే పదహారు రోజులకే దారి గీసుకోండి. చివరి నాలుగు రోజులు బట్టలుతుక్కోవడానికి, నిద్రకి, పిల్లలకి, పోగయిన బిల్లులకి. మొదటి వారమే రాత్రి సి షిఫ్టు పడకుండా సెలవు పెట్టేటప్పుడే ఇన్‌చార్జితో మాట్లాడుకోవాలి. నిద్ర చాలని మనిషి లేత్ ముందు, ప్రెస్సు ముందు నిలబడకూడదు.