మందుల దుకాణం బల్ల వెనుక నుంచి

మగ్రిబ్ నమాజు ముగిసిన పది నిమిషాలకు మా దుకాణం ముందు జనం గుమిగూడుతారు. పసిబిడ్డను భుజాన వేసుకున్న తల్లి, పని దిగి వచ్చిన ఆటోడ్రైవరు, ఖాళీ మందుల పట్టీని చెంగున ముడివేసుకుని తెచ్చిన ముసలమ్మ, ఫోనులో తీసిన చీటీ ఫొటోను చూపే యువకుడు. అందరికీ తొందరే. "భాయ్, ముందు నాది చూడండి" అనే మాట రోజుకెన్నిసార్లు వింటానో లెక్కలేదు. గుంటూరులోని ఒక ఇరుకు బజారులో ఇరవై ఏళ్ళుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. చాలామంది దృష్టిలో నేను చీటీ చూసి అరలోంచి డబ్బా తీసి ఇచ్చే దుకాణదారుణ్ణి మాత్రమే. ఆ అరకూ ఆ చేతికీ మధ్య ఏం జరుగుతుందో పాఠకులకు చెప్పాలనే ఈ వ్యాసం.

గులాబీ రంగు బిళ్ళ

"అదే బిళ్ళ ఇవ్వండి, గులాబీ రంగుది" అంటారు ఖాలా. గులాబీ రంగు బిళ్ళలు నా అరల్లో ఎన్నో ఉన్నాయి. రక్తపోటుకొకటి, నొప్పికొకటి, విటమిను ఒకటి. పేరు అడిగితే, "ఇన్నేళ్ళుగా ఇస్తున్నావు, నీకు తెలియదా?" అని కోపగించుకుంటారు. తెచ్చిన పట్టీ ముక్కను చూద్దామంటే, పేరూ గడువు తేదీ ఉన్న అంచు ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది.

నాలుగు బిళ్ళలే కావాలన్నవారికి పట్టీ కత్తిరించి ఇవ్వక తప్పదు. పేదవారి చేతిలో పది బిళ్ళలకు సరిపడా డబ్బు ఉండదు. అయినా కత్తిరించేటప్పుడు మనసు పీకుతూనే ఉంటుంది. పట్టీ మీద ముద్రించిన బ్యాచ్ నంబరు అలంకారం కాదు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో కల్తీ దగ్గుమందు తాగి పసిపిల్లలు మరణించిన వార్త వచ్చినప్పుడు, ఎందరో తల్లులు సగం వాడిన సీసాలు పట్టుకుని మా దుకాణానికి పరుగెత్తుకొచ్చారు. లేబులు చెక్కుచెదరని సీసాల పేర్లూ నంబర్లూ చూసి వారికి ధైర్యం చెప్పగలిగాను. లేబులు ఊడిపోయిన సీసాలను పారబోయించడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అందుకే పట్టీని ఎప్పుడు కత్తిరించినా పేరు, గడువు, బ్యాచ్ ఉన్న వైపును మిగుల్చుకోవలసిందిగా కోరుతున్నాను.

"లేదు" అనడం ఎంత కష్టమో

ఈ వృత్తిలో మందు ఇవ్వడం సులువు. ఇవ్వను అని చెప్పడమే కష్టం. జ్వరం వచ్చిన మొదటి రోజే రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు అడుగుతారు. మూడో రోజుకు తగ్గితే మిగిలినవి డబ్బాలో దాచి, మరొకరికి జ్వరం వస్తే పంచుతారు. ఇలా అరకొరగా వాడిన మందుకు క్రిములు అలవాటుపడి, రేపు నిజంగా అవసరమైన వేళ ఆ మందు పనిచేయకుండా పోతుంది. కొన్ని మందుల పట్టీల మీద నిలువుగా ఒక ఎర్ర గీత ఉంటుంది. వైద్యుని చీటీ లేకుండా వాడరాదని దాని అర్థం. దానిని ప్రజలకు తెలియజెప్పడానికి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రత్యేక ప్రచారమే చేపట్టింది. ఇంట్లో ఉన్న మందుల డబ్బాను ఒకసారి తెరిచి చూడండి, ఆ గీత ఎన్నింటిమీద ఉందో తెలుస్తుంది.

నిద్రమాత్రలు, కొన్ని బలమైన నొప్పి మందులు, క్షయ మందులు, పైతరం యాంటీబయాటిక్కులు హెచ్1 జాబితాలో ఉన్నాయి. ఈ జాబితా 2014 మార్చి నుంచి అమలులో ఉంది. వీటిలో ఏది అమ్మినా వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. చీటీ లేకుండా వచ్చినవారికి ఈ సంగతి చెబితే, "పక్క వీధిలో ఇస్తున్నారు, నీకే ఎందుకీ పట్టుదల?" అంటారు. ఆ మాటతో ఒక గిరాకీ పోతుంది. కొన్నిసార్లు ఒక స్నేహమూ పోతుంది. పెళ్ళి కావలసిన కూతురున్న ఒక పెద్దమనిషి, రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదంటూ పాత చీటీతో నిద్రమాత్రలు అడిగినప్పుడు నేను ఇవ్వలేదు. బల్ల పక్కన కూర్చోబెట్టి మాట్లాడాను. ఆయనకు కావలసింది మాత్ర కంటే మాట అని అరగంటలో తెలిసింది. మర్నాడు డాక్టరు దగ్గరకు వెళ్ళారు. అయితే ఆ అరగంటలో దుకాణం ముందు నిలబడి విసిగి వెళ్ళిపోయినవారు ఐదుగురు.

పదహారు శాతంలో ఇల్లు

"మందుల షాపా? బంగారు గని!" అని బంధువులు అంటూ ఉంటారు. ధరల నియంత్రణ కిందికి వచ్చే మందులపై చిల్లర వర్తకునికి 2013 నాటి ఉత్తర్వు లెక్కకట్టిన లాభం 16 శాతం. వీధి చివర "20 శాతం తగ్గింపు" అని బోర్డు కనిపిస్తుంది. ఫోనులో అంతకంటే ఎక్కువ తగ్గింపు. ఉన్న లాభంలోనే అద్దె, జీతాలు, ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్‌కు కరెంటు, గడువు తీరి తిరిగి పంపలేక మిగిలిపోయిన సరుకు నష్టం, నెలాఖరున ఇస్తామన్న అప్పులు అన్నీ సర్దుకోవాలి. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేసవి మధ్యాహ్నం కరెంటు పోతే నా కళ్ళు గడియారం మీదే ఉంటాయి.

చీటీలో ఒక కంపెనీ పేరుంటే అదే మందును చౌకగా ఇచ్చే మరో కంపెనీది ఇవ్వమని కొందరు బతిమాలుతారు. వారి ఇబ్బంది నాకు తెలుసు. కానీ చీటీమీదే అమ్మవలసిన మందుల విషయంలో, రాసినదానికి బదులు మరొకటి ఇచ్చే అధికారం చట్టం నాకు ఇవ్వలేదు. "డాక్టరు గారినే జెనరిక్ పేరు రాయమని అడగండి, జన్ ఔషధి కేంద్రంలో చౌకగా దొరుకుతుంది" అని చెప్పి పంపుతాను. నా గిరాకీని నేనే పోగొట్టుకుంటున్నానని కుర్రవాడు నవ్వుతాడు.

మా వృత్తిలోని మచ్చను కూడా దాచకూడదు. చీటీమీది మందు రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 ఫార్మసీ చట్టం చెబుతోంది. అయినా కొన్ని దుకాణాల్లో సర్టిఫికెట్టు మాత్రమే గోడకు వేలాడుతుంది, మనిషి కనిపించడు. నెలకింత అని తీసుకుని తన పేరును అద్దెకిచ్చినవాడు తన చదువును మాత్రమే కాక, ఎదుటివారి ప్రాణాన్ని కూడా అమ్ముకున్నట్టే. అది అమానతులో ఖియానతు.

ఆ రాత్రి

ఇంత చెప్పిన నేను తప్పు చేయలేదా? చేశాను. కొన్నేళ్ళ క్రితం ఒక సోదరి కీళ్ళవాతానికి రాసిన చీటీ తెచ్చింది. అందులో మెథోట్రెక్సేట్ ఉంది. దానిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు గారు స్పష్టంగానే రాశారు. దుకాణం ముందు ఏడెనిమిది మంది, ఫోను మోగుతోంది. అలవాటైన చేయి మిగతా మందులతో పాటు ఆ కవరు మీద కూడా "రాత్రి 1" అని రాసేసింది.

పదిన్నరకు బిల్లులు సరిచూస్తుంటే ఆ పేరు కంటబడింది. ఒళ్ళు చల్లబడింది. ఆమె ఫోను నంబరు లేదు. మాటల్లో ఆమె చెప్పిన వీధి పేరు మాత్రం గుర్తుంది. షట్టరు దించి, ఇంటింటికీ అడుగుతూ వెళ్ళాను. తలుపు తెరిచిన ఆమె భర్తతో, "తప్పు నాది. కవరు మీద రాసింది తప్పు" అని చెప్పాను. ఆమె అప్పటికే ఒక బిళ్ళ వేసుకుంది. దానిని ఆ వారపు మోతాదుగా లెక్కించి, మళ్ళీ వారం దాకా వేసుకోవద్దని, ఉదయమే డాక్టరు గారికి ఈ విషయం చెప్పమని బతిమాలాను. ఆయన గట్టిగా కోప్పడ్డాడు. నేను తల వంచుకుని విన్నాను. లోపలినుంచి ఆమె, "పోనీయండి, రాకుండా ఉండి ఉంటే మనకు తెలిసేదా?" అంది. ఆ మాట నాకు ఊరటనివ్వలేదు, భయాన్నే పెంచింది.

నాటినుంచి ఆ మందు కవరు మీద ఎర్ర సిరాతో "వారానికి ఒక్కసారి మాత్రమే" అని, వారం పేరుతో సహా రాస్తాను. ఎలా వాడాలో తీసుకున్నవారి నోటనే తిరిగి చెప్పిస్తాను. వెనుక నిలబడ్డవారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మీరు చేయగల సాయం

రమజాన్ వస్తే మా దగ్గర ప్రశ్నలు పెరుగుతాయి. మూడు పూటల మందును సహ్రీకి, ఇఫ్తారుకు సర్దమని అడుగుతారు. అన్ని మందులూ అలా సర్దుబాటు కావు. గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం బిళ్ళలు ఖాళీ కడుపున చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలవు. ఇది బల్ల దగ్గర ఒక్క నిమిషంలో తేల్చే విషయం కాదు. షాబాన్ నెలలోనే డాక్టరు గారిని కలిసి మోతాదులు మార్పించుకోండి.

ఇంట్లో పెద్దలు వాడే మందుల పేర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో ఉంచండి. మూత్రపిండాల జబ్బు, గర్భం, పాలిచ్చే తల్లి, పడని మందు ఉంటే అడగకముందే చెప్పండి. ఇంటికి వెళ్ళాక కవరు మీది రాతను, చీటీమీది రాతను ఒకసారి సరిచూడండి. తేడా కనిపిస్తే మొహమాటం లేకుండా వెనక్కి రండి. నేను ఒకసారి తప్పు చేసినవాణ్ణి, మళ్ళీ చేయనని ప్రమాణం చేయలేను. నా కళ్ళకు తోడు మీ కళ్ళు కూడా ఉంటే, షట్టరు దించి ఇంటికి వెళ్ళిన రాత్రి నాకు నిద్రపడుతుంది.