సికిందరాబాదు క్లబ్బు: తలుపు తీరు

మన దేశమున గోష్ఠులకుఁ గొదవలేదు. తిమ్మాజిపేటవంటి పాలమూరుసీమ గ్రామములలో రచ్చబండలును, ఆస్థానములలోఁ బండితసభలును గలవు. అయినను క్లబ్బు వీనిలో నే యొక్కటియుఁ గాదు. రచ్చబండకుఁ దలుపు లేదు. క్లబ్బునకుఁ దలుపే ప్రాణము. రుసుము చెల్లింపఁగల వాఁడైనను దనంతట సభ్యుఁడు కాఁజాలఁడు. ఉన్న సభ్యులలో నొకఁడు ప్రతిపాదింపవలెను, మఱియొకఁడు బలపఱుపవలెను. పిదపఁ బెట్టెలో రహస్యముగా గోళీలు వేయుట యింగ్లండు క్లబ్బుల యాచారము: తెల్లది సమ్మతి, నల్లది నిరాకరణము. కారణము చెప్పనక్కఱలేదు.

నిజాము రాజ్యమున నిట్టి సంస్థకుఁ దావైనది సికిందరాబాదు. 1798వ సంవత్సరపు సంధివలన నాంగ్లేయసైన్యము హైదరాబాదు చెంత నిలిచెను. 1806లో నా దండునకు సికందర్ జా పేర సికిందరాబాదను నామము గలిగెను. జనులు దానిని లష్కరనియే పిలిచిరి. 1878 ఏప్రిల్ 26వ తేదీని యిచట వెలసిన సంస్థయే నేఁటి సికిందరాబాదు క్లబ్బు.

దాని తొలిపేరు 'పబ్లిక్ రూమ్సు'. ఈ పేరును జూచి ప్రజలందఱకుఁ దెఱచిన మందిరమని భ్రమపడరాదు. ఇందలి 'పబ్లిక్' శబ్దము దండులోని దొరల సమాజమునే బోధించుచున్నదని నా తలంపు. తరువాతి పేళ్లే యిందుకు సాక్ష్యము: గారిసన్ క్లబ్బు, జింఖానా క్లబ్బు, యునైటెడ్ సర్వీసెస్ క్లబ్బు. గారిసన్ అనఁగా దుర్గరక్షక సైన్యము; సర్వీసెస్ అనఁగాఁ గొలువులు. ఊరిపేరు చివరకు వచ్చి నిలిచినది.

ఇందొక విశేషము గలదు. ఈ దొరలగోష్ఠి కాశ్రయమైన భవనము నిజాము దివానైన మొదటి సాలార్జంగు వేఁటమందిరము. ఇల్లు స్వదేశీయునిది, తలుపుతాళము పరదేశీయులది!

చెన్నపట్టణమున 1832లో నేర్పడిన మద్రాసు క్లబ్బు స్వదేశీయులను జేర్చుకొనలేదు. 1873లో నచటనే స్థాపితమైన కాస్మోపాలిటన్ క్లబ్బు మాత్రము భారతీయులకును జోటిచ్చెను. హైదరాబాదున 1884లో నిజాము క్లబ్బు వెలసెను. కావున క్లబ్బుల చరిత్ర వ్రాయువారు స్థాపనదినముతోఁ దృప్తిపడక, తొలి నియమావళిని, సభ్యుల పట్టికను గూడ వెదకవలెను. సికిందరాబాదు విషయమున నీ పని కష్టతరమైనది. 2022 జనవరి 16వ తేదీని ప్రధానభవనము కాలిపోయినది.