బొంత ఏ పద్దులోకి వస్తుంది?

మనవైపు ఇంట్లో పురుడు ఉందంటే ముందుగా సిద్ధమయ్యేవి పక్కబట్టలే. అమ్మమ్మ పాత నేతచీరెలు మడతలు పెట్టి బొంత కుడుతుంది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు చేస్తారు. బూరుగు దూది పరుపు, దోమతెర సరేసరి. పురుడు రిచ్‌మండ్ హిల్‌లో అయితే ఇవన్నీ సూట్‌కేసులోనో, పార్సెల్లోనో సముద్రం దాటి రావాలి. వచ్చాక వాటిని ముందు పలకరించేది మనుమరాలు కాదు, కస్టమ్స్ వారు. వారి మొదటి ప్రశ్న: "ఇది ఏమిటి?" చిన్న ప్రశ్నే గాని, సుంకం ఎంతో తేలేది దాని జవాబు మీదనే. కనుక ఆ జవాబు ఎలా తయారవుతుందో మన సభ్యులు తెలుసుకోవడం మంచిది.

ప్రపంచంలో చేతులు మారే ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంది. బ్రసెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నడిపే ఈ పట్టికను హార్మొనైజ్డ్ సిస్టమ్ అంటారు. ఇది 1988 జనవరి 1న అమలులోకి వచ్చింది. కెనడా అదే రోజున దాన్ని చేపట్టింది. ఇండియా కూడా ఈ పట్టికనే వాడుతుంది. అందువల్ల విశాఖపట్నం రేవులోనూ, టొరాంటో విమానాశ్రయంలోనూ మొదటి ఆరంకెలు ఒకటే. ఆ తరువాతి అంకెలు, సుంకం రేటు మాత్రం ఏ దేశానివి ఆ దేశానివి.

పక్కబట్టలు ముఖ్యంగా రెండు అధ్యాయాలలో ఉన్నాయి. 63వ అధ్యాయం కుట్టి సిద్ధం చేసిన బట్టలది. అందులో 63.01 కంబళ్ళకు, రగ్గులకు, 63.02 పరుపు దుప్పట్లకు, గలేబులకు; 63.04 పైన పరిచే అలంకారపు దుప్పట్లకు, దోమతెరలకు. 94వ అధ్యాయం సామానుది. అందులో 94.04 కింద పరుపులు, దిండ్లు, రజాయిలు, అంటే లోపల ఏదైనా కూరినవి. 2022 కూర్పులో రజాయిలకు 9404.40 అని విడిగా ఒక ఉపపద్దు ఇచ్చారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ పద్దులలో "పిల్లలవి" అన్న మాట లేదు. దుప్పటి మీద ఏనుగుపిల్ల ఉన్నా, ఏడు గుర్రాల సూర్యుడున్నా పద్దు ఒకటే. అడిగేది ఎవరికోసం అని కాదు. దేనితో చేశారు, నేసిందా అల్లిందా, లోపల కూరారా లేదా అన్నవే ప్రశ్నలు.

ఇప్పుడు మన బొంత సంగతి చూద్దాం. పైనొక గుడ్డ, కిందొక గుడ్డ, నడుమ మెత్తదనానికి దూది పెట్టి కుడితే అది రజాయి, 94.04. నడుమ ఏమీ లేకుండా రెండు పొరలు కలిపి కుడితే 63వ అధ్యాయం వైపు మొగ్గుతుంది. పాతచీరెలవి కదా, పాతగుడ్డల పద్దు 63.09 ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ పద్దుకు రెండు షరతులున్నాయి: వాడినట్టు స్పష్టంగా కనబడాలి, బేళ్ళుగానో మూటలుగానో విడిగా రావాలి. అమ్మమ్మ బొంత ఒక్కటే వస్తే రెండో షరతు తీరదు. ఆవాల దిండుకు చిక్కు లేదు. దూది అయినా, ఆవాలయినా కూరితే దిండే. కాకపోతే ఆవాలు మొక్కల గింజలు కనుక విమానాశ్రయంలో వాటిని విడిగా చెప్పి తీరాలి.

ఒకే పెట్టెలో రజాయి, దుప్పటి, గలేబు కలిపి అమ్మే తొట్టి సెట్టుకు మరో సూత్రం ఉంది. సెట్టుకు దాని ముఖ్య స్వభావం ఏ వస్తువు వల్ల వస్తుందో ఆ వస్తువు పద్దే. అది తేలకపోతే వరుసలో చివరి అంకె గల పద్దు. పసిపిల్లలకు తొడిగే పడక సంచిలో చేతులు దూర్చే రంధ్రాలుంటే అది పక్కబట్ట కాక శిశువుల దుస్తు అనే వాదన బలపడుతుంది. దుస్తుల అధ్యాయంలో శిశువంటే 86 సెంటీమీటర్లకు మించని పొడుగు. కుందేలు ఆకారంలో ఉన్న దిండు ఆడుకోవడానికా, తల పెట్టుకోవడానికా? ఇది వేళాకోళం ప్రశ్న కాదు. కెనడాలో బొమ్మలకు సుంకం లేదు. పక్కబట్టలకు, పిల్లల దుస్తులకు రేటు నూటికి 17, 18 దాకా ఉంటుంది.

లెక్క ఇలా ఉంటుంది. నూరు డాలర్ల వస్తువుకు సుంకం 18 అనుకోండి, 118 అవుతుంది. ఒంటారియోలో 2010 జులై నుంచి ఉన్న 13 శాతం హెచ్.ఎస్.టి. నూటి మీద కాదు, ఈ 118 మీద పడుతుంది. అంటే మరో 15 డాలర్ల 34 సెంట్లు. మొత్తం 133.34. ఒకప్పుడు ఇండియా సరుకులలో కొన్నింటికి కెనడా సాధారణ రాయితీ రేటు ఇచ్చేది. 2015 జనవరి 1 నుంచి ఆ జాబితాలో మన దేశం పేరు తీసివేశారు. బంగ్లాదేశ్ దుప్పటి అంగట్లో చవకగా దొరకడానికి ఒక కారణం, 2003లో బాగా వెనుకబడిన దేశాల బట్టలకు కెనడా సుంకం ఎత్తివేయడమే.

చాలామందికి ఇంత లెక్క అవసరం పడదు. విదేశం నుంచి ఒక మనిషి మరొక మనిషికి పంపే కానుక 60 కెనడా డాలర్లకు మించకపోతే సుంకం, పన్ను లేవు; మించితే మించిన దానికే. చూడవచ్చే అమ్మమ్మ చేతికి తెచ్చే కానుకకూ ఇదే హద్దు. ఇక్కడివారే ఇండియా దుకాణానికి డబ్బు కట్టి తెప్పించుకున్నది కానుక కాదు. దానికి హద్దు 20 డాలర్లే. కొత్తగా వలస వచ్చేవారు తాము రాకముందే సొంతంగా ఉంచుకుని, వాడుకున్న పక్కబట్టలను తమ సామాను జాబితాలో రాసి ఇస్తే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. వెనుక వచ్చే పెట్టెలోనివి కూడా మొదటి రోజునే ఆ జాబితాలో చేర్చాలి.

పార్సెల్ మీద ఊరికే "బట్టలు" అని రాయించకండి. "చేత్తో కుట్టిన నూలు బొంత, దూది కూరలేదు, మనుమరాలికి కానుక" అని, న్యాయమైన విలువతో, ఇంగ్లీషులో రాయించండి. ఇద్దరికి పంపితే విడివిడిగా కట్టి పేర్లు రాయాలి. విలువ తగ్గించి రాయడం మాత్రం వద్దు. సుంకం ఎక్కువ వేశారనిపిస్తే రసీదు పారేయకండి; తొంభై రోజులలోగా తిరిగి చూడమని కోరవచ్చు. అమ్మకానికి సరుకు తెప్పించాలనుకునే సోదరీమణులు ఆర్డరు ఇవ్వకముందే ఆ వస్తువు పద్దు ఏదో చెప్పమని కస్టమ్స్ వారిని లిఖితపూర్వకంగా అడగవచ్చు. 2024 అక్టోబరు నుంచి వ్యాపార దిగుమతిదారుల లెక్కలు కార్మ్ అనే కొత్త పద్ధతిలో సాగుతున్నాయి. అందులో నమోదు కావాలి. నూలు, పట్టు వివరాల లేబుల్ ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింటిలో ఉండాలి.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. కస్టమ్స్ దాటింది కదా అని తొట్టిలో వేయవచ్చని కాదు. తొట్టిలో గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగిన దుప్పటి తప్ప ఏమీ ఉండరాదని హెల్త్ కెనడా చెబుతోంది. దిండు, రజాయి, చుట్టూ కట్టే మెత్తలు, దూదిబొమ్మలు పసిబిడ్డ ఊపిరికి అడ్డం రావచ్చు. ఆవాల దిండు కూడా దిండే. పెద్దవారికి ఈ మాట విమానం ఎక్కకముందే నెమ్మదిగా చెప్పండి. పురిటి ఇంట్లో వాదన పెట్టుకోవద్దు. బొంత మాత్రం మానవద్దనండి. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, పక్కన పెద్దవాళ్ళు కూర్చుని ఆడించడానికి అంతకన్నా మంచి చోటు లేదు.