కొత్తది వస్తోందట... ఆగమంటారా, కొనమంటారా?

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, గుర్తుందా? జూలై మూడోవారం నుంచి ఆగస్టు సగం దాకా అధికమాసం. పెళ్లిళ్లు లేవు, రిసెప్షన్లు లేవు. మాలాంటి ఆర్కెస్ట్రావాళ్లకి నెల్లాళ్లూ బలవంతపు సెలవు. చేతిలో ప్రోగ్రాములు లేని సంగీతకారులు నలుగురు చేరితే ఏం మాట్లాడుకుంటారు? రాగాల గురించి అనుకునేరు! ఇంకా పుట్టని కీబోర్డు గురించి.

నేను పదిహేనేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. విజయవాడ చుట్టుపక్కల పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, సాయంత్రాలు ఇంట్లో పిల్లలకి పాఠాలు. ఆ వేసవిలోనే నా పాత కీబోర్డులో రెండు మెట్లు మొరాయించాయి. లోపల రబ్బరు అరిగిపోయిందన్నారు. మార్పించాను. నెల తిరక్కుండా మళ్లీ అదే వరస. ఓ రిసెప్షన్లో సరిగ్గా పల్లవి అందుకునే చోట మెట్టు పలకలేదు. పాడే అమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆ నెలలోనే రెండు లక్షల చీటీ నష్టానికి పాడేశాను. లక్షా డెబ్బైవేలు చేతికొచ్చాయి. ఇంకో లక్ష పైచిలుకు అప్పుచేసి యమహా మాంటేజ్ కొత్తది కొనాలని నా ఆలోచన.

"తొందరపడకక్కా! దానికి పై మోడల్ దిగబోతోందట" అన్నాడు ప్యాడ్ వాయించే అబ్బాయి. అంతే, మా రిహార్సల్ గది కాస్తా రచ్చబండ అయిపోయింది.

కంపెనీ పరువంతా మోసే పెద్ద మోడల్‌ని వీళ్లు ఫ్లాగ్‌షిప్ అంటారు. గిటార్ అన్నయ్య వేళ్లమీద లెక్కపెట్టాడు. 2001లో మోటిఫ్, 2003లో ఈఎస్, 2007లో ఎక్స్‌ఎస్, 2010లో ఎక్స్‌ఎఫ్, 2016లో మాంటేజ్. "ఏడేళ్లయిందమ్మా, ఇక రాక తప్పదు." పెళ్లీడు పిల్ల వయసు లెక్కేసినట్టుంది నాకు.

ఇక అందులో ఏముంటుందన్న దానిమీద తలా ఒక మాట. మాంటేజ్‌లో శబ్దం పుట్టే దారులు రెండు. ఒకటి, అసలు పియానో, వయొలిన్, ఫ్లూటు రికార్డు చేసి దాచుకున్న శబ్దాన్ని మెట్టు నొక్కగానే వినిపించడం. రెండోది ఎఫ్‌ఎం. ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని ఊపి కొత్త శబ్దం పుట్టించడం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే ఆయన 1967లో కనిపెట్టాడు. 1983లో యమహా డీఎక్స్7తో అది ప్రపంచమంతా పాకింది. గంట మోగినట్టుండే ఎలక్ట్రిక్ పియానో మీరూ ఎన్నో పాత పాటల్లో వినే ఉంటారు. ఈసారి మూడో దారి కూడా పెడతారనీ, 1997లో వచ్చిన ఏఎన్1ఎక్స్‌లాంటి అనలాగ్ మోత తిరిగొస్తుందనీ ప్యాడ్ అబ్బాయి పందెం. మోటిఫ్‌లో ఉండి మాంటేజ్‌లో తీసేసిన శాంప్లింగ్ మళ్లీ పెడతారని గిటార్ అన్నయ్య. బరువు తగ్గిస్తే చాలని నేను. ఆటోలో ఎక్కించి దించేది నేనే కదా!

తమాషా ఏమిటంటే, ఇంత గట్టిగా చెప్పేవాళ్లలో కొనేవాడు ఒక్కడూ లేడు. డబ్బు నాది, ఆగేదీ నేనే.

ఇంట్లో డబ్బు ఊరికే కూర్చుంటే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. "ఎలాగూ ఆగుతున్నావుగా, పైగదికి స్లాబు వేయిద్దామా?" అన్నారు మావారు. "మళ్లీ వెనక్కి వేద్దువులే" అని అత్తయ్య వంత. వాళ్ల తప్పేం లేదు, వర్షానికి పైన రేకులు కారుతున్నాయి. కానీ స్లాబులో కలిసిన డబ్బు మళ్లీ కీబోర్డై తిరిగొస్తుందా?

ఆ రాత్రి డైరీ తీసి కూర్చున్నాను. సెప్టెంబరు 18న వినాయక చవితి. అప్పటినుంచి దసరా అయ్యేలోపు పదకొండు ప్రోగ్రాములు. తొమ్మిదింటికి అడ్వాన్సు తీసుకున్నాను. రెండు మెట్లు పలకని పెట్టెతో పదకొండు చోట్ల పరువు పోగొట్టుకోవాలా?

సరిగ్గా అప్పుడే తెలిసింది, హైదరాబాదులో ఒకాయన తన మాంటేజ్ 6 అమ్మేస్తున్నాడని. ఎందుకట? కొత్తది వస్తే దీని రేటు పడిపోతుందని భయం! నన్ను ఆపిన పుకారే ఆయనచేత అమ్మిస్తోంది. హెడ్‌ఫోన్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. బెండకాయలు తుంచి చూసినట్టు 61 మెట్లూ ఒక్కొక్కటీ మెల్లగా నొక్కి, గట్టిగా నొక్కి చూశాను. తెరమీద నాలుగు మూలలా వేలుపెట్టాను. బటన్లన్నీ తిప్పాను. ఆయనకి విసుగొచ్చింది గానీ నాకు మొహమాటం కలగలేదు. లక్షా అరవైవేలకి బేరం తెగింది. 15 కేజీల పెట్టెని చిన్నపిల్లని కాచుకున్నట్టు కాచుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాను.

అక్టోబరులో మాంటేజ్ ఎం రానే వచ్చింది. ప్యాడ్ అబ్బాయి గెలిచాడు, ఏఎన్-ఎక్స్ పేరుతో మూడో దారి పెట్టారు. ఎడమవైపు ఇంకో చిన్న తెర కూడా వచ్చింది. గిటార్ అన్నయ్య శాంప్లింగ్ మాత్రం రాలేదు.

నాకు అసూయ కలిగించినది మాత్రం ఒకటుంది. నా కీబోర్డులో మెట్టు నొక్కి పట్టి ఇంకాస్త అదిమితే మోగుతున్న స్వరాలన్నీ కలిసి కదులుతాయి. కొత్త వాటిలో 88 మెట్ల పెద్దదానిలో ఏ వేలు అదిమితే ఆ స్వరమే కదులుతుంది. ఎడంచేత్తో చక్రం తిప్పుతూ గమకం కోసం తంటాలుపడే మాకు అది ఎంత ఊరటో! వీణమీద తీగ లాగినంత హాయి కాదనుకోండి, అయినా కొంత దగ్గర. కానీ ఆ సదుపాయం ఆ ఒక్క సైజులోనే ఉంది. అది పాతిక కేజీల పైమాటే. నిండు గ్యాస్ బండని భుజాన వేసుకుని నేను పందిరి మెట్లెక్కగలనా?

దీపావళి తర్వాత పాత మాంటేజ్‌ల రేటు నిజంగానే దిగింది. ఇంకో రెండు నెలలు ఆగితే పదిహేనువేలు మిగిలేవని మావారు లెక్క తీశారు. పదకొండు ప్రోగ్రాముల లెక్క నేను తీశాను. ఆయన పేపరు మడిచి స్నానానికెళ్లారు.

ఆ డబ్బులోంచి కొంత రేకుల మరమ్మతుకే ఇచ్చాను. స్లాబు మాత్రం ఇంకా ఊహాగానాల్లోనే ఉంది.